వారానికో పంచర్: సైకిల్ మార్చాలా, టైర్లు మార్చాలా?

హన్వాడ బాట:

అందరికీ నమస్తే. మాది హన్వాడ దగ్గర ఒక పల్లె. మహబూబ్‌నగర్‌లో క్లాక్ టవర్ దిక్కు ఒక ఎరువుల దుకాణంలో లెక్కలు రాస్తాను. రానూపోనూ పాతిక కిలోమీటర్ల దాకా పడుతుంది. షుగర్ బార్డర్‌లో ఉందని డాక్టరు చెప్పినప్పటి నుంచి బండి పక్కన పెట్టి సైకిల్ మీదే వెళ్తున్నాను. గేర్ల సైకిల్, 700 x 35సీ టైర్లు, ముందు షాకప్‌లు లేవు. తొక్కడానికి మస్తు హాయిగా ఉంది, నడుము నొప్పి కూడా తగ్గింది.

బాధంతా పంచర్లతోనే. ఊళ్లోంచి తారు రోడ్డు ఎక్కేదాకా చెరువుకట్ట మీద మొరం బాట. రెండు దిక్కులా సర్కారు తుమ్మ. వారం తిరగకుండానే గాలి పోతుంది, అదీ ఎక్కువగా వెనక చక్రానికే. దుకాణం తెరిచే టైముకు చేరతానా లేదా అని రోజూ టెన్షన్. మా ఊళ్లో ఉన్న సైకిల్ షాపు మూతపడి చాలా ఏళ్లయింది. దారిలో ఉన్నవన్నీ బండ్ల పంచర్ షాపులే. సైకిల్ చూడగానే “తర్వాత రా” అంటారు.

మా బావమరిది ఇది అమ్మేసి లావు టైర్ల సైకిల్ కొనమంటున్నాడు. గాలి అక్కర్లేని గట్టి టైర్లు వస్తున్నాయని దుకాణంలో ఒకాయన చెప్పాడు. ట్యూబ్‌లెస్ చేయించుకో అనేవాళ్లూ ఉన్నారు. నా చేతిలో ఇప్పుడు నాలుగు వేల దాకా ఉన్నాయి, అంతకు మించి కుదరదు. ఏం చేస్తే బాగుంటుంది? ఇంట్లో పెట్టుకోవడానికి పంపు కూడా ఒకటి కొనాలి.

జడ్చర్ల రైడర్:

అన్నా, టైర్లలో పంచర్ మూసే లిక్విడ్ పోయించు, అయిపోతది. నా బండికి పోయించాను, మళ్లీ పంచర్ షాపు మొహం చూడలేదు.

దేవరకొండ సైకిల్ షాపు:

తమ్ముడూ, జేబులోంచి రూపాయి తీసేముందు ఒక పని చెయ్యి. ఈసారి గాలి పోయినప్పుడు ట్యూబుకు రంధ్రం ఏ దిక్కున పడిందో చూడు. మా నాయన కాలం నుంచి దేవరకొండలో సైకిల్ టాక్సీ నడిపాం. గంటకింత అని అద్దెకిచ్చే రోజులు పోయాయి గానీ రిపేరు పని నేను ఇంకా చేస్తూనే ఉన్నాను. “టైరు మంచిది కాదు, మార్చు” అంటూ వచ్చేవాళ్లే ఎక్కువ. ట్యూబు బయటికి తీసి చూస్తే చాలాసార్లు టైరు తప్పేమీ ఉండదు.

చూసే పద్ధతి ఇది. చక్రం ఊడదీశాక టైరును ఒక పక్క మాత్రమే రిమ్ములోంచి తప్పించు. ట్యూబు లాగేముందు వాల్వుకు ఎదురుగా టైరు మీద సుద్దముక్కతో గీత పెట్టు. ట్యూబుకు ఏ పక్క కుడి, ఏ పక్క ఎడమ అన్నది బాల్‌పెన్నుతో రాయి. ఆ తర్వాత ట్యూబు ఉబ్బేదాకా గాలి కొట్టి తొట్టి నీళ్లలో తిప్పుతూ ముంచితే బుడగలు వచ్చే చోటు దొరుకుతుంది. వాల్వు నుంచి అక్కడికి ఎన్ని జానలో కొలిచి, టైరు మీద కూడా సుద్దగీత నుంచి అన్నే జానలు కొలువు. ముల్లు దిగి ఉంటే సరిగ్గా ఆ చోటే ఉంటుంది. టైరు మొత్తం వెతకనక్కర్లేదు.

రంధ్రం టైరు నేలను తాకే దిక్కున, సూది పొడిచినంత సన్నగా ఉంటే అది ముల్లు పనో తీగ పనో. రిమ్ము దిక్కున ఉంటే నువ్వు ఎంత ఖరీదైన టైరు వేసినా పంచర్ ఆగదు. లోపల చక్రం పుల్లలను బిగించే నిపుల్స్ మీద ఉండే రిమ్ టేపు జరిగిపోయో చిరిగిపోయో ఉంటుంది, దాన్ని మార్చాలి. పక్కపక్కనే రెండు సన్న చీలికలు కనబడితే గాలి తక్కువతో గుంతలో దింపావని అర్థం. టైరు నలిగిపోయి, రిమ్ము అంచులు రెండూ ట్యూబును నొక్కేస్తాయి. వాల్వు మొదట్లో చిరిగితే అది కూడా గాలి తక్కువతో వచ్చేదే. బ్రేకు కొట్టినప్పుడల్లా టైరు రిమ్ము మీద కొంచెం కొంచెం జరిగి ట్యూబును లాగుతుంది. ఎక్కడా బుడగలు రాకపోతే వాల్వు మూతి మీద తడి వేలు పెట్టి చూడు. పాత రకం వాల్వు అయితే లోపలి వాల్ ట్యూబ్ అనే రబ్బరు గొట్టం ఎండకు గట్టిపడి పగిలి ఉంటుంది. ఐదు రూపాయల రబ్బరు ముక్కతో పోయేదానికి కొత్త ట్యూబు కొన్నవాళ్లను చూశాను.

ఇక ముల్లు సంగతి. మా దిక్కు బత్తాయి తోటల చుట్టూ తుమ్మకంప కంచెలే. కంప కొట్టి ట్రాక్టర్ మీద వేసుకుపోతుంటే దారి పొడుగునా పుల్లలు రాలుతాయి. సర్కారు తుమ్మ ముల్లు వేలి పొడవు కూడా ఉంటుంది, కణుపు దగ్గర జంటగా వస్తుంది. ఇంకోటి పల్లేరు. వానలు పడ్డాక బాట పక్కన నేలకు అంటుకుని పాకుతుంది, చిన్న పసుపు పూలు పూస్తుంది. కాయ ఎండితే ఐదు ముక్కలుగా విడిపోతుంది. ఒక్కో ముక్కకు గట్టి ముళ్లు ఉంటాయి, అది ఎటు పడ్డా ఒక ముల్లు పైకే నిలబడుతుంది. అందుకే వానలు వెనకబట్టి చలి మొదలయ్యే రోజుల్లో మా షాపులో పంచర్లు ఎక్కువ. పచ్చిగా ఉన్నప్పుడు టైరు కింద నలిగిపోయే కాయ, ఎండాక దిగిపోతుంది.

ముల్లు తీసేటప్పుడు చాలామంది బయట కనిపించే మొద్దు లాగేసి ఊరుకుంటారు. మొన విరిగి టైరు మందంలోనే ఉండిపోతుంది. ప్యాచ్ వేసి గాలి కొట్టిన గంటకో, మర్నాటికో అదే మొన మళ్లీ పొడుస్తుంది. నీకు వారానికోసారి పడేవాటిలో కొన్ని కొత్త పంచర్లు కాకపోవచ్చు, ఒకే ముల్లు మళ్లీ మళ్లీ పొడుస్తుండవచ్చు. టైరు లోపలి వైపు వేళ్లతో తడిమితే చాలదు. దూది ముక్క గానీ పాత నైలాన్ సాక్సు గానీ లోపల చుట్టూ తిప్పు, మొన ఉంటే పోగు తట్టుకుంటుంది. అక్కడ టైరును వెనక్కి మడిస్తే నల్లని చుక్కలా పైకి తేలుతుంది. గోళ్లు కత్తిరించే కట్టర్‌తో పట్టి లాగు.

గట్టి టైర్ల జోలికి పోకు. బరువు ఎక్కువ, ఎక్కించడం కష్టం, మొరం బాట మీద ప్రతి రాయి దెబ్బా నేరుగా రిమ్ముకూ పుల్లలకూ నీ చేతులకూ తగులుతుంది. సైకిల్‌కు ట్యూబ్‌లెస్ అంటే బండి ట్యూబ్‌లెస్ లాంటిది కాదు. దానికి తగిన రిమ్ము ఉండాలి, గాలి లీకు కాని టేపు వేయాలి, లోపల ఎప్పుడూ ద్రవం ఉండాలి. మన ఎండలకు ఆ ద్రవం రెండు మూడు నెలల్లో ఎండిపోతుంది, మళ్లీ పోయాలి. మామూలు రిమ్ముకు అది చేయించుకోమని నేను ఎవరికీ చెప్పను.

సైకిల్ అమ్మొద్దు. రోజూ అంత దూరం హాయిగా తొక్కుతున్నావు, ఒంటికి పడిన సైకిల్ దొరకడం అంత తేలిక కాదు. ముందు రంధ్రాలు చూసి చెప్పు. తర్వాత ఏం కొనాలో మాట్లాడుకుందాం.

వనపర్తి టీచర్:

షాపు అన్న చెప్పింది వందకు వంద శాతం నిజం. నేను మా ఇంటి నుంచి స్కూలుకు సైకిల్ మీదే వెళ్తాను. మా పిల్లల సైకిళ్లు కూడా వరండాలో నేనే బాగు చేస్తుంటాను. పంపు గురించి అడిగారు కాబట్టి అది చెప్తాను.

ముందు మీ వాల్వు ఏదో చూసుకోండి. బండికి, కారుకు ఉండే లావు వాల్వు ఒకటి. పాత నల్ల సైకిళ్లకు ఉండే, లోపల రబ్బరు గొట్టం పెట్టేది ఇంకోటి. సన్నగా పొడుగ్గా, పైన చిన్న మర తిప్పి వదులు చేయాల్సినది మూడోది. పంపు కొనేటప్పుడు మీ వాల్వుకు పట్టే మూతి ఉందో లేదో అడగండి, వీలైతే సైకిల్‌తోనే షాపుకు వెళ్లండి. కాళ్లతో తొక్కిపట్టి రెండు చేతులతో కొట్టే నిలువు పంపు, గాలి ఎంతుందో చూపే ముల్లు మీటరు ఉన్నది తీసుకోండి. వెయ్యి రూపాయల చుట్టుపక్కల దొరుకుతుంది. బొటనవేలితో నొక్కి చూసి గాలి సరిపోయింది అనుకునే అలవాటును ఆ మీటరు మానిపిస్తుంది. మా పిల్లల్లో ఎక్కువమంది సగం గాలితోనే తొక్కుతుంటారు. బరువుగా ఉందని, కాళ్లు లాగుతున్నాయని చెప్తారు, సైకిలే మంచిది కాదనుకుంటారు.

దారిలో గాలి పోతే కొట్టుకోవడానికి చిన్న చేతిపంపు వేరే కావాలి. అది ఫ్రేముకు బిగించుకోవచ్చు. పెట్రోల్ బంకులో గాలి కొట్టించుకుంటే జర పైలం. అక్కడి మిషన్ బండ్ల కోసం పెట్టింది. సన్నటి ట్యూబులోకి ఒక్కసారిగా ఎక్కువ గాలి వస్తే టైరు రిమ్ములోంచి బయటికి ఉబికి ట్యూబు పేలిపోతుంది. ఆ చప్పుడుకు మా ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి ఏడ్చేసింది.

హన్వాడ బాట:

ఇద్దరికీ చాలా థ్యాంక్స్. నిన్న సాయంత్రం మళ్లీ గాలి పోయింది, ఈసారి ఇంటికొచ్చాక నేనే విప్పాను. అన్న చెప్పినట్టు సుద్దగీత పెట్టి కొలిచాను. వెనక ట్యూబుకు బయటి దిక్కున సన్న రంధ్రం ఉంది. జానలు కొలిచిన చోటే టైరులో ముల్లు మొన దొరికింది, బియ్యపు గింజలో సగం కూడా లేదు. పాత సాక్సు తిప్పితేనే తెలిసింది, వేలితో ఎంత తడిమినా తెలియలేదు.

మూలన పడేసిన పాత ట్యూబులు కూడా బయటికి తీసి చూశాను. చాలావాటికి బయటి దిక్కునే. కానీ రెండింటికి పక్కపక్కనే రెండు చీలికలున్నాయి. దుకాణం నుంచి వచ్చేటప్పుడు ఒక్కోసారి వెనక క్యారియర్ మీద దాణా బస్తా కట్టుకొస్తాను, దానివల్లేనా? నా వాల్వు బండి రకమే. టైరు పక్కన 35-622 అని, గాలి ఒత్తిడి 50-75 పీఎస్‌ఐ అని ఉంది. నా బరువు 72 కిలోలు. టైరు పైభాగం చాలా చోట్ల నున్నగా అరిగింది.

దేవరకొండ సైకిల్ షాపు:

ఇప్పుడు పని తేలికైంది. నీకున్నవి రెండు బాధలు, ముల్లు ఒకటి, బస్తా ఒకటి.

బస్తాది ఖర్చు లేకుండా పోతుంది. మామూలు రోజుల్లో ముందు చక్రానికి 50 పీఎస్‌ఐ, వెనక 60 పెట్టు. బస్తా తెచ్చే రోజు పొద్దున్నే వెనక 70 కొట్టుకుని బయల్దేరు. టైరు మీద రాసిన 75 దాటొద్దు. ట్యూబు ఎంత కొత్తదైనా గాలి మెల్లగా తగ్గుతూనే ఉంటుంది, కాబట్టి వారానికోసారి మీటరు పెట్టి చూడు. బస్తా ఉన్న రోజు స్పీడ్ బ్రేకర్ దగ్గర, కల్వర్టు అంచుల దగ్గర సీటు మీంచి కొంచెం లేచి తొక్కు. క్యారియర్‌కు ఎంత బరువు పట్టుద్దో దాని మీదే అచ్చు ఉంటుంది. గేర్ల సైకిళ్లకు వచ్చే అల్యూమినియం క్యారియర్లు చాలావాటికి 25 కిలోల దాకానే. పాత నల్ల సైకిల్ ఇనుప క్యారియర్ మీద వడ్ల బస్తా వేసిన అలవాటుతో వీటి మీద వేస్తే బోల్టు తెగుతుంది.

ముల్లుకు టైరు మార్చాల్సిందే. నున్నగా అరిగింది అంటున్నావు కదా, రబ్బరు పలచబడ్డాక పల్లేరు ముల్లుకైనా అడ్డం ఏముంటుంది? కొనేటప్పుడు ఇంచీల లెక్క చెప్పకు, ఆ 622 అంకె చెప్పు. అది టైరు రిమ్ములో కూర్చునే చోటి వ్యాసం, మిల్లీమీటర్లలో. మన నల్ల సైకిల్ 28 x 1½ టైరు మీద 635 అని ఉంటుంది. నీ సైకిల్ టైరును కూడా కొన్ని చోట్ల 28 అనే అంటారు. ఒకదాని టైరు ఇంకోదానికి ఎక్కదు. టౌన్‌లో టైరు కొని పల్లెకు పోయాక ఈ తేడా బయటపడి మళ్లీ వచ్చేవాళ్లు నా దగ్గరికి ఇప్పటికీ వస్తుంటారు.

ఇప్పుడున్న 35 మిల్లీమీటర్ల వెడల్పు బదులు 38 గానీ 40 గానీ దొరికితే తీసుకో. ముందుగా ఫోర్కుకూ బ్రేకుకూ మడ్‌గార్డుకూ నడుమ ఎంత సందు ఉందో చూడు. టైరు రెండు పక్కలా కనీసం చిటికెన వేలి గోరు వెడల్పు మిగలాలి. లేకపోతే వానలో మొరం బురద ఇరుక్కుని చక్రం తిరగదు. పైభాగం కింద పంచర్ అడ్డుపట్టీ ఉన్న టైరు అడుగు. మామూలు టైరు కంటే బరువుంటుంది, ధర కూడా ఎక్కువే. రోజూ తుమ్మ బాట మీద పోయే మనిషికి ఆ బరువు మోయడం దండగ కాదు. నాలుగు వేలలో రెండు టైర్లూ రాకపోతే మొదట వెనకది మార్చు. ఒంటి బరువు, బస్తా బరువు ఎక్కువగా పడేది దాని మీదే, నీకు పంచర్లు పడేదీ దానికే. సైకిళ్ల మీద, విడిభాగాల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం కాదు, 5 శాతమే. బిల్లు అడిగి తీసుకో.

టైరుకూ ట్యూబుకూ నడుమ ఒక పొర కూడా వెయ్యి. బజారులో ప్లాస్టిక్ లైనర్లు దొరుకుతాయి. అవి పనిచేస్తాయి గానీ చివర కోసిన అంచు పదునుగా ఉంటే అదే ట్యూబును గీకి రంధ్రం చేస్తుంది. కొనేవాడివైతే రెండు కొసలనూ గుండ్రంగా కత్తిరించి ఉప్పుకాగితంతో రుద్దు. నేను మాత్రం పాత ట్యూబే వాడతాను. నీ మూలన పడున్నవి ఉన్నాయి కదా, వాటిలో ఒకటి తీసుకుని వాల్వు ఉన్న ముక్క కోసి పారెయ్యి. మిగతాదాన్ని రిమ్ము దిక్కు గీత వెంట కత్తెరతో పొడుగునా చీల్చు. శుభ్రంగా తుడిచి, రెండు పక్కలా పౌడర్ చల్లి, టైరు లోపల ముడతలు లేకుండా పరుచు. కొసలు ఒకదాని మీద ఒకటి నాలుగు వేళ్ల వెడల్పు ఎక్కాలి. దాని మీద కొత్త ట్యూబు సగం గాలితో పెట్టి టైరు ఎక్కించు. పూర్తిగా ఖాళీ ట్యూబు పెడితే మెలిపడి రిమ్ము కింద ఇరుక్కుంటుంది. చివరి జానెడు టైరు బిగువుగా ఉన్నా స్క్రూడ్రైవర్ వాడకు, బొటనవేళ్లతోనే తోయి. ఎదురు దిక్కున టైరును రిమ్ము నడిమి గాడిలోకి నొక్కితే ఇక్కడ వదులొస్తుంది.

లిక్విడ్ గురించి జడ్చర్ల తమ్ముడు చెప్పాడు. అది వృథా అని నేను అనను, ముల్లు మొనంత రంధ్రాన్ని నిజంగానే మూస్తుంది. నీ వాల్వు బండి రకం కాబట్టి లోపలి పిన్ను విప్పి పోయొచ్చు కూడా. కానీ ఒకసారి పోశాక చీలిక పడితే ప్యాచ్ అంటదు, లోపలంతా జిగురు తడి. వాల్వులో గడ్డకట్టి గాలి ఎక్కకుండానూ అవుతుంది. పోస్తే వాల్వు ఎప్పుడూ పై దిక్కున ఉంచి గాలి కొట్టాలి, అప్పుడు ద్రవం కిందికి దిగి ఉంటుంది. మొదట కొత్త టైరు, లోపల పొర వేసి కొన్నాళ్లు తొక్కి చూడు. అప్పటికీ ముల్లు దిగుతుంటే లిక్విడ్ ఆలోచిద్దువుగానీ.

మిర్యాలగూడ హైవే:

ఒక మాట కలుపుతున్నాను. మాకు తుమ్మ బాధ తక్కువ, లారీల బాధ ఎక్కువ. వడ్ల లారీలు తిరిగే రోడ్డు. లారీ టైర్లు అరిగి చిట్లినప్పుడు లోపలి సన్న ఇనుప తీగ ముక్కలు రోడ్డు అంచున పడి ఉంటాయి. వెంట్రుకంత తీగ, కంటికి అసలు కనబడదు. గాలి ఒకేసారి పోదు, రాత్రి నిలబెడితే పొద్దుటికి మెత్తబడుతుంది. టైరులోంచి దాన్ని లాగడానికి కనుబొమల వెంట్రుకలు తీసే చిన్న పట్టకారు బాగుంటుంది. హన్వాడ అన్న తారు రోడ్డు మీద తెల్లగీతకు బయట తొక్కుతుంటే అక్కడి చెత్తలో ఇవి దొరుకుతాయి. వెనక వచ్చే బండ్లను చూసుకుని, వీలైన చోట గీత పక్కన శుభ్రంగా ఉన్న తారు మీదే పొండి.

వనపర్తి టీచర్:

అలా రోడ్డు లోపలికి జరిగి తొక్కేటప్పుడు వెనక ఎర్ర లైటు తప్పకుండా ఉండాలి. చలికాలం సాయంత్రం ఆరు దాటితే చీకటే, దుకాణం కట్టేసి వచ్చేసరికి మీకు ఇంకా ఆలస్యం అవుతుంది. ఛార్జింగ్‌వి చిన్నవి దొరుకుతాయి. సీటు కింద బిగిస్తే క్యారియర్ మీది దాణా బస్తా దాన్ని కప్పేస్తుంది. అందుకే క్యారియర్ చివర, మడ్‌గార్డు మీద బిగించండి. బస్తా కట్టాక నాలుగడుగులు వెనక్కి నడిచి లైటు కనబడుతుందో లేదో చూసి బయల్దేరండి.

హన్వాడ బాట:

అన్నా, నువ్వు చెప్పినట్టు వెనక టైరు కొత్తది వేశాను, అడ్డుపట్టీ ఉన్నదే, 38 వెడల్పు. మడ్‌గార్డుకు సందు సరిపోయింది. లోపల పాత ట్యూబు పరిచాను. మీటరు పంపు కూడా తెచ్చాను. నాలుగు వేలలోనే అన్నీ వచ్చాయి. కట్ట మీద పోతుంటే ఇదివరకు లోపల ఒకటే గుబులుగా ఉండేది, ఇప్పుడు అది లేదు. మొన్న టైరు పైన రెండు పల్లేరు ముక్కలు గుచ్చుకుని ఉన్నాయి, తీసేశాను, గాలి మాత్రం పోలేదు.

ఇంకా రెండు అడగాలి. దారిలో పంచర్ పడితే అక్కడికక్కడ ప్యాచ్ వేయడం నాకు కుదరడం లేదు, అంటించినది లేచిపోతోంది. సొల్యూషన్ మంచిది కాదా? ఎండాకాలం దుకాణం ముందు సైకిల్ పొద్దుగూకేదాకా ఎండలోనే ఉంటుంది. ట్యూబు పేలుతుందని అందరూ భయపెడుతున్నారు, గాలి తగ్గించి పెట్టాలా?

దేవరకొండ సైకిల్ షాపు:

సంతోషం తమ్ముడూ. పల్లేరు ముక్కలను సాయంత్రం ఇంటికి రాగానే చూసి తీసే అలవాటు పెట్టుకో. చాలావరకు మొదటి రోజే ట్యూబు దాకా దిగవు. రోజూ నేలకు ఒత్తుకుంటూ లోపలికి పోతాయి. చక్రం మెల్లగా తిప్పుతూ చూస్తే నిమిషం పని.

ప్యాచ్ లేవడానికి సొల్యూషన్ కారణం కాకపోవచ్చు, చాలామందికి ఓపిక చాలదు. రంధ్రం చుట్టూ ప్యాచ్ కంటే కొంచెం ఎక్కువ మేర ఉప్పుకాగితంతో రుద్దు. కొత్త ట్యూబు మీద నిగనిగలాడే పొర ఒకటి ఉంటుంది, అది పోయి మట్టిరంగు తేలేదాకా రుద్దాలి. ట్యూబు అతుకు గీత అడ్డొస్తే దాన్ని కూడా చదును చెయ్యి, లేకపోతే దాని వెంటే గాలి వస్తుంది. రుద్దిన చోట మళ్లీ వేలు పెట్టకు, చేతి చమట చాలు ప్యాచ్ పట్టకుండా చేయడానికి. సొల్యూషన్ పలచగా పూసి ఆగు. తడిగా ఉండగానే అంటిస్తే జారుతుంది. మెరుపు పోయి, అంచున తాకితే అంటీ అంటనట్టు ఉండాలి, నాలుగైదు నిమిషాలు పడుతుంది. అప్పుడు ప్యాచ్ పెట్టి నడుమ నుంచి అంచులకు గట్టిగా ఒత్తు. ట్యూబు తడిగా ఉన్నా, వాన పడుతున్నా ఆ పని ఇంటికొచ్చాకే చెయ్యి. సొల్యూషన్ గొట్టం ఒకసారి మూత తీశాక కొన్నాళ్లకు లోపలే ఎండిపోతుంది, అప్పుడప్పుడు నొక్కి చూస్తుండు.

దుకాణానికి పోయే పొద్దున మాత్రం రోడ్డు పక్కన కూర్చుని ప్యాచ్ వేయకు. ఒక కొత్త ట్యూబు, రెండు ప్లాస్టిక్ లివర్లు, చేతిపంపు, నీ చక్రం నట్టుకు పట్టే పానా ఒకటి సీటు కింద సంచిలో ఉంచు. ట్యూబును పాలిథిన్ కవరులో కాదు, పాత సాక్సులో పెట్టు. పానా రాపిడికి సంచిలోనే చిల్లు పడిన ట్యూబులు చూశాను. ఆ సాక్సే ముల్లు వెతకడానికీ పనికొస్తుంది. దారిలో ట్యూబు మార్చెయ్, పంచర్ పడినది సాయంత్రం ఇంట్లో తీరికగా బాగు చేసుకో. ముల్లు తీయకుండా కొత్త ట్యూబు పెట్టకు, ఎంత తొందరలో ఉన్నా.

ఎండ సంగతి. వేడికి గాలి వ్యాకోచిస్తుంది, నిజమే. పొద్దున 30 డిగ్రీల వేడిలో 60 పీఎస్‌ఐ కొట్టావనుకో, ఎండలో టైరు కాలిపోయి లోపలి గాలి 60 డిగ్రీలకు చేరినా 67, 68 దాకానే పోతుంది. నీ కొత్త టైరు మీద కూడా 75 అనే రాసి ఉంటే అది మోస్తుంది. అందుకని రోజూ గాలి తీయడం, కొట్టడం పెట్టుకోకు. వెనక 70 కొట్టిన బస్తా రోజు మాత్రం సైకిల్‌ను నీడకు జరుపు, ఆ రోజు లెక్క 75 దాటుతుంది. ఎండలో పేలిన సైకిళ్లు మా షాపుకు వస్తాయి. వాటిలో ఎక్కువ టైరు పక్కలు చిట్లి లోపలి దారాలు కనబడేవే. నీ ముందు టైరు పక్కలు వంచి చూడు. సన్నటి పగుళ్లు వెంట్రుకల్లా ఉంటే ఇంకొన్నాళ్లు నడుస్తుంది. దారం తేలిందంటే వచ్చే జీతంలో దాన్నీ మార్చెయ్. మార్చేటప్పుడు ఇప్పుడు వెనకున్న టైరును ముందుకు వేయకు, కొత్తదే ముందుకు వెయ్యి. వెనకది ఒక్కసారిగా పోయినా సైకిల్‌ను ఆపుకోవచ్చు. ముందుది పోతే హ్యాండిల్ మాట వినదు.